క్లిప్పుల డాక్టరు పల్లె వైపు వెళ్తే: ఏ దారి ఎవరికి సరిపోతుంది

వంకర పళ్ళు సరిచేసే పీజీ, అంటే ఎండీఎస్ ఆర్థో ఫలితాలు వచ్చిన పది రోజులకు జూనియర్ల ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే. “హైదరాబాద్‌లోనే ఏదో ఒక క్లినిక్‌లో చేరిపోవాలా, మా ఊరి వైపు వెళ్తే నడుస్తుందా?” దంత వైద్యం డిగ్రీ బీడీఎస్ ఐదేళ్లు, నీట్‌కి ఒకటి రెండేళ్లు, పీజీ మూడేళ్లు అయ్యేసరికి ముప్ఫై దగ్గరపడుతుంది. ఫీజుల కోసం ఇంట్లో చేసిన అప్పు అలాగే ఉంటుంది, మరోపక్క పెళ్ళి మాటలు నడుస్తుంటాయి. ఆ టెన్షన్‌లో సీనియర్ ఎవరో చెప్పిన ఒక్క మాట పట్టుకుని నిర్ణయం తీసేసుకుంటారు. నేను కొన్నేళ్లుగా నల్లగొండ, పల్నాడు, ప్రకాశం వైపు ఊళ్ళు తిరుగుతూ పనిచేస్తున్నాను. ఏ దారిలో ఏముందో నాకు తెలిసినంత వరకు ఇక్కడ పెడుతున్నాను.

ఊళ్ళలో ఆర్థోడాంటిస్ట్ అన్న మాట ఎవరూ వాడరు. “క్లిప్పుల డాక్టర్” అంటారు. ఎత్తుపళ్ళు, వంకర పళ్ళు, సందు పళ్ళు ఉన్న పిల్లలు ప్రతి బడిలోనూ కనిపిస్తారు. అందుకని పల్లెల్లో అవసరం ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. ఆ అవసరం మన గుమ్మం దాకా వచ్చి, రెండేళ్లు ఆగకుండా వస్తూనే ఉంటుందా అన్నదే చూసుకోవాలి.

ముందు రాకపోకల లెక్క

పన్ను పీకడం ఒక్కసారితో అయిపోతుంది. రూట్ కెనాల్ రెండు మూడు సిట్టింగుల్లో తేలిపోతుంది. క్లిప్పులు అలా కాదు. ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి వచ్చి తీగ మార్పించుకోవాలి. అంటే దాదాపు ఇరవై సార్లు రావాలి. క్లిప్పులు తీసేశాక, పళ్ళు మళ్ళీ కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ కోసం మళ్ళీ రావాలి.

మర్రిగూడ వైపు నుంచి ఎనిమిదో తరగతి పాప తల్లితో కలిసి నల్లగొండ వస్తుందనుకోండి. ఇద్దరికీ బస్సు, టీ టిఫిన్లు కలిపి 200 అనుకుందాం. తల్లికి ఆ రోజు కూలి పోతుంది, అది 500 అనుకుందాం. ఇరవై సార్లకు 14 వేలు. మన ఫీజు 30 వేలైతే ఆ ఇంటికి నిజంగా అయ్యే ఖర్చు 44 వేలు. ఆ పైన ఇరవై రోజుల బడి పోతుంది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఈ లెక్కలో కొంత తగ్గుతుంది. కూలి మాత్రం అలాగే పోతుంది. ట్రీట్‌మెంట్ మధ్యలో ఆపేసేవాళ్ళలో చాలామంది ఫీజు కట్టలేక కాదు, ఈ రాకపోకలు తట్టుకోలేక ఆపేస్తారని నా అనుభవం.

ఇంకో చిక్కు హాస్టళ్ళు. పదో తరగతి అయ్యాక పిల్లలు విజయవాడ, హైదరాబాద్ రెసిడెన్షియల్ కాలేజీలకు వెళ్ళిపోతారు. దసరాకి, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకే ఇంటికి వస్తారు. ఇంటర్ మొదటి ఏడాదిలో క్లిప్పులు వేస్తే ఆ కేసు ఎంత లాగుతుందో ఊహించుకోవచ్చు. అందుకే ఏడు పూర్తయి ఎనిమిదిలోకి వెళ్ళే ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టి, పది పరీక్షల లోపు ముగించడం మా వైపు బాగా కుదిరే పద్ధతి. లేదంటే ఇంటర్ అయ్యేదాకా ఆగమని చెప్పడం మేలు.

కాబట్టి ఏ ఊరు, ఏ ఉద్యోగం ఎంచుకున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఇక్కడ మొదలుపెట్టిన కేసును నేనే ముగించగలనా? కింద చెప్పేదంతా ఈ ఒక్క కొలతతోనే.

సిటీ క్లినిక్ జీతం, కాలేజీ ఉద్యోగం

సిటీలో బ్రాంచీలున్న పెద్ద క్లినిక్‌లో చేరితే నెల జీతం చేతికొస్తుంది. నోటి స్కానర్, తీగ లేని ప్లాస్టిక్ అలైనర్లు, ఓపీజీ, సెఫ్ అనే దవడ, తల ఎక్స్‌రేలు అన్నీ ఒక్కచోటే ఉంటాయి. కేసులు చేతిలో పడతాయి కాబట్టి మొదటి ఏడాది రెండేళ్లు నేర్చుకోవడానికి మంచిదే. అయితే వీధికో ఆర్థోడాంటిస్ట్ ఉన్న చోట మీ పేరుకు విలువ పెరగదు. పేషెంట్ క్లినిక్ మనిషి, మీ మనిషి కాడు. డాక్టర్లు తరచూ మారిపోతుంటే ఒకరు వేసిన బ్రాకెట్లకు (పన్నుకు అతికించే చిన్న బిళ్ళలు) ఇంకొకరు, వాళ్ళ తర్వాత మరొకరు తీగ మారుస్తారు. ఇలా చేతులు మారిన కేసులు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. పల్లెకు వెళ్ళే ఆలోచన ఉంటే సిటీ ఉద్యోగానికి ముందే ఒక గడువు పెట్టుకోండి. రెండేళ్లు దాటితే అద్దె, కారు ఈఎంఐ, పిల్లల స్కూలు కలిసి కదలనివ్వవు.

కాలేజీ ఉద్యోగం సంగతి వేరు. మన రాష్ట్రాల్లో చాలా డెంటల్ కాలేజీలు మహానగరంలో లేవు. భీమవరం, ఏలూరు, నార్కట్‌పల్లి, ఖమ్మం, మహబూబ్‌నగర్, నెల్లూరు లాంటి చోట్ల ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ జనమే అక్కడి పేషెంట్లు. పాఠం చెప్పడం ఇష్టమైతే పల్లె జనానికి సేవ చేస్తూ, సాయంత్రాలు సొంత ప్రాక్టీస్ కూడా పెట్టుకోగల దారి ఇది. సీనియర్ లెక్చరర్‌గా నాలుగేళ్లు చేస్తే రీడర్ అవుతారు, ఆ తర్వాత ప్రొఫెసర్. జీతం మొదట్లో నిరాశపరుస్తుంది. చేరేముందు అక్కడ పనిచేస్తున్న వాళ్ళను పక్కకు పిలిచి, జీతం ఏ తేదీకి పడుతుందో అడగండి. ఎంత అన్న దానికంటే ఎప్పుడు అన్నది ముఖ్యం.

కాలేజీకి ఇంకో ప్రభావం కూడా ఉంది. అక్కడ పీజీ విద్యార్థులు తక్కువ ఖర్చుకే క్లిప్పులు వేస్తారు. దానికి ముప్ఫై నలభై కిలోమీటర్ల లోపు మీరు క్లినిక్ పెడితే ధర మీద పోటీ పడలేరు. కాబట్టి ఊరు ఎంచుకునేముందు మ్యాప్ మీద కాలేజీల చుట్టూ గుండ్రాలు గీసుకోండి.

ఊరూరా తిరిగే కన్సల్టెంట్

చిన్న టౌన్లలో బీడీఎస్ డాక్టర్లు నెలకు ఒకటి రెండు రోజులు ఆర్థోడాంటిస్ట్‌ను పిలిపించుకుంటారు. కుర్చీ, అసిస్టెంట్, పేషెంట్ వాళ్ళది. పని మనది. మెటీరియల్ ఖర్చు తీసేసి సగం సగం పంచుకోవడం ఒక పద్ధతి, కేసుకు ఇంత అని మాట్లాడుకోవడం ఇంకో పద్ధతి. చేతిలో పెట్టుబడి లేని కొత్త డాక్టరుకు ఇంతకంటే తేలికైన మొదలు లేదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు కూడా. కారణం పని చేతకాక కాదు, లెక్క తప్పడం.

ఒక టౌన్‌లో నెలకు మూడు కొత్త కేసులు మొదలవుతున్నాయనుకోండి. మొదటి నెల ముగ్గుర్ని చూస్తే సరిపోతుంది, ఒక్క పూట చాలు. రెండేళ్లకు ఆ ఒక్క టౌన్‌లోనే నడుస్తున్న కేసులు 72 అవుతాయి. వాళ్ళందర్నీ నెలకోసారి చూడాలి. రోజుకు 25 మందిని చూసినా మూడు రోజులు కావాలి. మొదట్లో ఖాళీగా ఉందని ఎనిమిది టౌన్లు ఒప్పుకున్నారా, రెండో ఏడు చివరికి నెలలో 24 రోజులు తిరుగుడే. అప్పుడు అపాయింట్‌మెంట్లు ఆరు వారాలవి పది వారాలకు జరుగుతాయి, ఏడాదిన్నర కేసు మూడేళ్లవుతుంది. అదే నాలుగు టౌన్లైతే 12 రోజులు. మిగతా రోజులు ఇంటికి, సొంత క్లినిక్‌కు ఉంటాయి. నాలుగు దాటొద్దని నేను గట్టిగా చెప్తాను.

ఆదాయం కూడా ఇలాగే చూడాలి. నాలుగు టౌన్లలో నెలకు 12 కొత్త కేసులు, ఒక్కోదాని మీద మీ వాటా 12 వేలు అనుకుంటే 1,44,000. ఇది ఉదాహరణ కోసం వేసిన లెక్క, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి. ఆ డబ్బు ఒకేసారి రాదు, నెలనెలా వాయిదాల్లో వస్తుంది. కాబట్టి మొదటి ఆరేడు నెలలు చేతిలో ఏమీ మిగలదు. ఆ నెలలకు ఇంట్లో ఎవరి జీతమైనా ఆసరా ఉండాలి, లేదా వారానికి రెండు మూడు రోజులు ఎక్కడైనా పార్ట్‌టైమ్ చేయాలి.

టౌన్లన్నీ ఒకే దారిలో ఉండేలా చూసుకోండి. గుంటూరు నుంచి నల్లగొండ వైపు వచ్చే రైలు దారిలో పిడుగురాళ్ళ, నడికుడి, మిర్యాలగూడ, నల్లగొండ వరసగా తగులుతాయి. గుంటూరు–నంద్యాల దారిలో నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు ఉన్నాయి. ఉత్తరాంధ్రలో విజయనగరం నుంచి ఆమదాలవలస మీదుగా పలాస దాకా అలాంటిదే ఇంకో దారి. పొద్దున రైలెక్కి సాయంత్రం ఇల్లు చేరే దూరం ఉంటే శరీరం నిలబడుతుంది. ముఖ్యంగా ఆడపిల్లలకు చెప్తున్నాను, రాత్రి ఉండాల్సి వచ్చే ఊరైతే బస ఎక్కడో, స్టేషన్ నుంచి ఎవరు తీసుకొస్తారో ముందే తేల్చుకోండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది. “మొదటి శనివారం పిడుగురాళ్ళ” అని ఒకసారి చెప్పాక పండగైనా, వానొచ్చినా ఆ శనివారం అక్కడ ఉండాలి. ఊళ్ళలో పేరు వచ్చేది ఆ తేదీ తప్పకపోవడం వల్లే.

నేను తప్పు చేసిన చోటు కూడా చెప్పాలి. పీజీ అయిన మొదటి ఏడాది, మా ఇంటికి 150 కిలోమీటర్ల దూరంలో ఒక క్లినిక్ ఒప్పుకున్నాను. కేసులు బాగానే వచ్చాయి. పదకొండు నెలలకు దగ్గర్లో వేరే క్లినిక్‌లు దొరికాయి, ఇది మానేశాను. వేరే డాక్టర్ని పెట్టుకుంటామన్నారు, నేను నమ్మి ఊరుకున్నాను. అప్పటికి నడుస్తున్న కేసులు 19. కొత్త డాక్టరు నెలల తరబడి రాలేదు. దాదాపు రెండేళ్ల తర్వాత ఇంకో ఊళ్ళో నా ముందు ఒక అబ్బాయి కూర్చున్నాడు. నోటినిండా నేను అతికించిన బ్రాకెట్లే, తుప్పు రంగు తేలిన తీగ, వాచిన చిగుళ్ళు. బ్రాకెట్ల చుట్టూ పన్ను మీద తెల్ల మచ్చలు. అంటే పుచ్చు మొదలైంది. “మీరే కదా డాక్టరు గారూ వేసింది” అంది వాళ్ళమ్మ. ఆ మాటలో కోపం లేదు, మనిషి దొరికిందన్న ఊరట ఉంది. ఆ కేసు డబ్బు తీసుకోకుండా పూర్తి చేశాను. మచ్చలు మాత్రం పోలేదు. మిగిలిన పద్దెనిమిది మంది ఏమయ్యారోనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఒప్పందం కాగితం మీద ఉండాలని పట్టుబట్టండి. ఫీజు దశల వారీగా వసూలు చేయాలి, మీ వాటా కూడా దశల వారీగానే రావాలి. మానాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి, ఆ ఆరు నెలల్లో కొత్త కేసు మొదలుపెట్టకూడదు. ఎక్స్‌రేలు, ఫొటోలు, మోడళ్ళ కాపీ ఒకటి పేషెంట్ చేతికి ఇవ్వాలి. తర్వాత ఎవరు చూసినా, ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ళకు తెలియాలి కదా.

డివిజన్ టౌన్‌లో సొంత క్లినిక్

ఆర్డీఓ ఆఫీసు, డిగ్రీ కాలేజీ, బస్ డిపో, పెద్ద బట్టల షాపులు ఉన్న టౌన్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను. మిర్యాలగూడ, సూర్యాపేట, జగిత్యాల, మార్కాపురం, నర్సీపట్నం, పలాస, కదిరి, ఆదోని ఇలాంటివే. చుట్టూ ఉన్న మండలాల జనం వారంలో ఏదో ఒక పని మీద ఇక్కడికి వస్తూనే ఉంటారు. క్లిప్పుల పనికి అంతకంటే ఏం కావాలి? సంతకో, బ్యాంకుకో, ఎరువుల కోసమో వచ్చిన తండ్రి పిల్లను వెంటబెట్టుకొస్తాడు. కూలి రోజు వేరేగా పోదు. పైన వేసిన రాకపోకల లెక్క ఇక్కడే బాగా తగ్గుతుంది.

పెట్టుబడి సంగతి. కుర్చీ, కంప్రెసర్, పరికరాలు శుద్ధి చేసే ఆటోక్లేవ్, పంటి డిజిటల్ ఎక్స్‌రే తీసే ఆర్‌వీజీ, ఇన్వర్టర్ తప్పవు. ఓపీజీ, సెఫ్ మిషన్ మాత్రం లక్షల్లో ఉంటుంది. ఒక్కరే కొని ఈఎంఐ నెత్తిన పెట్టుకోవద్దు. టౌన్‌లో ఉన్న స్కానింగ్ సెంటర్ వాళ్ళతో గానీ, మిగతా డెంటిస్టులతో గానీ కలిసి పెట్టుకోవచ్చు. ఎక్స్‌రే మిషన్ ఏదైనా అణుశక్తి నియంత్రణ బోర్డు (ఏఈఆర్‌బీ) ఈలోరా పోర్టల్‌లో నమోదు కావాలి. క్లినిక్ రిజిస్ట్రేషన్‌కు జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు వెళ్ళాలి. ఆంధ్రాలో 2002 నాటి రాష్ట్ర చట్టం, తెలంగాణలో 2010 నాటి కేంద్ర చట్టం నడుస్తాయి. 2016 నిబంధనల ప్రకారం వైద్య వ్యర్థాల ఒప్పందం కూడా ఉండాలి. చిన్న ఊరే కదా, ఎవరు అడుగుతారని వదిలేయకండి. చిన్న ఊళ్ళోనే త్వరగా అడుగుతారు.

మెటీరియల్ గురించి మాత్రం భయం అక్కర్లేదు. బ్రాకెట్లు, నైటై (నికెల్ టైటానియం) తీగలు హైదరాబాద్, విజయవాడ డిపోల నుంచి కొరియర్‌లో వచ్చేస్తాయి. ల్యాబ్ మోడళ్ళు ఆర్టీసీ కార్గోలో వెళ్ళి వస్తాయి.

ఉత్త క్లిప్పులతోనే క్లినిక్ నడపాలనుకుంటే మొదటి మూడేళ్లు కష్టం. ఫిల్లింగులు, రూట్ కెనాల్, పళ్ళు పీకడం కూడా చేయాలి. “ఎండీఎస్ చేసి పళ్ళు పీకుతూ కూర్చోవాలా” అని బాధపడేవాళ్ళను చూశాను. చిన్న టౌన్‌లో అర్ధరాత్రి పంటి నొప్పి తగ్గించిన డాక్టరునే జనం నమ్ముతారు. ఆ నమ్మకంతోనే తర్వాత కూతుర్ని క్లిప్పులకు తీసుకొస్తారు. పీజీలో మూడేళ్లు రూట్ కెనాల్ ముట్టుకోక చెయ్యి తప్పి ఉంటే ఒక మూడు నెలలు ఎవరి దగ్గరైనా కూర్చుని మళ్ళీ అలవాటు చేసుకోండి. భార్యాభర్తలిద్దరూ డెంటిస్టులైతే, ఒకరు ఆర్థో, ఇంకొకరు రూట్ కెనాల్ గానీ పిల్లల పళ్ళు గానీ చూస్తే, టౌన్ క్లినిక్ నిలబడటానికి ఇంతకంటే గట్టి పునాది లేదు.

డబ్బు వచ్చే కాలం తెలుసుకోవాలి. మిర్చి అమ్మాక, పత్తి తూకం వేశాక, వడ్ల డబ్బు అకౌంట్‌లో పడ్డాక ఫీజు కడతారు. మధ్య నెలల్లో అడిగితే రావడమే మానేస్తారు. నెలవారీ వాయిదా పెట్టకుండా, మొదట కొంత తీసుకుని మిగతాది పంటకు కట్టమంటే నా అనుభవంలో ఎగ్గొట్టినవాళ్ళు చాలా తక్కువ.

టౌన్ క్లినిక్‌లో మీకు అందరికంటే ఎక్కువగా పనికొచ్చేది స్థానికంగా దొరికే అసిస్టెంట్. ఇంటర్ చదివిన అమ్మాయికి ఆరు నెలలు పని నేర్పితే, తల్లులు మనల్ని అడగలేనివన్నీ ఆమెను అడుగుతారు. పై పన్ను పీకితే చూపు పోతుందా? పన్ను మీద పన్ను అదృష్టం అంటారు, సరి చేయొచ్చా? నాలుగు పళ్ళు తీయాలన్నారు, ఆ సందులు అలాగే ఉండిపోతాయా? ఈ భయాలు తీరకుండా ఏ తల్లీ ఒప్పుకోదు. తీరిస్తే పక్కింటి వాళ్ళను కూడా తీసుకొస్తుంది. ఆర్ఎంపీలకు కమీషన్ ఇచ్చి కేసులు తెచ్చుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. నేను ఆ దారిలో వెళ్ళలేదు, వెళ్ళమని చెప్పను. దానికి బదులు బడి పంతుళ్ళను కలవండి, ఏడు నుంచి పదేళ్ల పిల్లల్ని చూడండి. వేలు చీకడం, పాలపళ్ళు ముందే ఊడిపోవడం, కింది పన్ను పై పన్ను ముందుకు రావడం లాంటివి ఆ వయసులో పట్టుకుంటే చిన్న ఖర్చుతో పోతాయి. కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకు పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఎదుగుదల ఉన్నప్పుడే, దవడను ముందుకు తెచ్చే ట్విన్ బ్లాక్ ప్లేట్లు పనిచేస్తాయి. పల్లె పిల్లలు ఈ వయసు దాటాకే వస్తున్నారు. ముందే పట్టుకునే మనిషి ఆ టౌన్‌లో లేకపోవడమే కారణం.

ఎదురయ్యే ఇంకో విషయం, పెళ్ళికి మూడు నెలల ముందు ఎత్తుపళ్ళ అమ్మాయిని తీసుకురావడం. మూడు నెలల్లో కాదని నిజం చెప్పండి. “కొంచెం లోపలికి పంపుదాం” అని ఒప్పుకుంటే పెళ్ళి ఫొటోల్లో తీగలతోనే ఉంటుంది, ఆ మాట ఊరంతా తిరుగుతుంది.

ఫ్లోరైడ్ నేల మీద

నల్లగొండ, ప్రకాశం వైపు వచ్చేవాళ్ళకు కాలేజీలో సరిగ్గా నేర్పని పాఠం ఒకటుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోనివే. నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు, చండూరు పేర్లు తెలియనివారు ఉండరు. పళ్ళ పైపొర, అంటే పింగాణీ, తయారయ్యే చిన్న వయసులో తాగిన నీళ్ళ వల్ల మచ్చలు పడతాయి. ఇప్పుడు కృష్ణా నీళ్ళు వస్తున్నా, బోరు నీళ్ళు తాగి పెరిగిన ఇరవై ముప్ఫై ఏళ్ల వాళ్ళ పళ్ళు అలాగే ఉన్నాయి.

బ్రాకెట్ అతుక్కోవడానికి ముందుగా పూసే యాసిడ్‌కు ఆ పన్ను పైపొర సులువుగా లొంగదు. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ మామూలు సమయం పెట్టి బ్రాకెట్ అతికిస్తే, వారంలో చేతిలో పట్టుకుని వస్తారు. యాసిడ్ ఎక్కువ సేపు ఉంచాలి, ముందు పైపొరను సన్నగా గరుకు చేయాలి, అతుకు పెంచే ప్రైమర్ వాడాలి. వెనక పళ్ళకు అతికించే ట్యూబులకంటే పన్ను చుట్టూ తొడిగే బ్యాండ్లు నిలుస్తాయి. తీసేటప్పుడు కూడా నెమ్మదిగా తీయాలి, లేకపోతే పెళుసుగా ఉన్న పింగాణీ రేకు లేస్తుంది. ఊడిన ప్రతి బ్రాకెట్‌కూ పేషెంట్ ఇంకోసారి బస్సెక్కాలి. కాబట్టి మన అతుకు బలంగా ఉండటమే వాళ్ళ ఖర్చు తగ్గించడం. ఈ పని బాగా వచ్చిన డాక్టరుకు ఆ ప్రాంతంలో పని కరువు ఉండదు. అయితే ఒక మాట ముందే చెప్పండి, వంకర పోతుంది కానీ రంగు పోదు. చాలామంది లోపల అసలు బాధ రంగు గురించే.

పండగల తర్వాత వారం ఖాళీగా ఉంచుకోవడం మర్చిపోకండి. సంక్రాంతి సకినాలు, అరిసెలు, చెరకు గడలు, మొక్కజొన్న పొత్తులు అయ్యాక బ్రాకెట్లు ఊడినవాళ్ళు వరసకడతారు. గుచ్చుకునే తీగ చివర మీద పెట్టుకోవడానికి మైనం ముక్క అందరికీ ముందే ఇచ్చి, ఫొటో వాట్సాప్‌లో పెట్టమంటే సగం ప్రయాణాలు తప్పుతాయి.

మండల కేంద్రం, ఏజెన్సీ, సర్కారు కొలువు

మండల కేంద్రంలో క్లిప్పులనే నమ్ముకుని క్లినిక్ పెట్టొద్దు. మామూలు దంత వైద్యం చేస్తూ క్లిప్పులు కూడా వేస్తే బతకొచ్చు, అది కూడా సొంత ఊరైతేనే.

సర్కారు ఏరియా ఆసుపత్రుల్లో డెంటల్ సర్జన్ పోస్టులు ఉన్నాయి. వాటికి బీడీఎస్ చాలు, అక్కడ క్లిప్పుల పని పెద్దగా ఉండదు. ఆర్థో స్పెషలిస్టుగా ప్రభుత్వ కొలువు కావాలంటే హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో బోధన పోస్టులే, అవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడకండి. వచ్చినప్పుడు రాయండి, ఈలోగా పని ఆపొద్దు.

పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు లాంటి చోట్ల ఆర్థో ప్రాక్టీస్‌తో ఇల్లు గడవదు. అయినా అక్కడ మన అవసరం గట్టిగా ఉన్న పిల్లలు ఉన్నారు. గ్రహణమొర్రితో పుట్టినవాళ్ళు. పెదవికి నెలల వయసులో, అంగిలికి ఏడాది అటూ ఇటూగా పెద్ద నగరాల్లో ఉచితంగా ఆపరేషన్ చేయిస్తున్న సంస్థలున్నాయి. ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కూడా 2013 నుంచి ఈ పిల్లల్ని గుర్తించి పంపుతోంది. ఆపరేషన్ అయ్యాక కథ ఆగిపోతుంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను రాకముందు చిగుళ్ళ లోపలి ఎముకలో అతుకు వేయాలి. దానికి ముందు ఇరుకైన పై దవడను వెడల్పు చేయాలి. అది నెలల పని, ఆర్థోడాంటిస్ట్ పని. అందుకోసం నెలనెలా హైదరాబాదో, విశాఖో వెళ్ళడం ఆ కుటుంబాలవల్ల కాదు. మీరు నర్సీపట్నంలోనో, భద్రాచలానికి దగ్గర్లోనో ఉంటే, జిల్లా కేంద్రంలోని ఆర్‌బీఎస్‌కే సెంటర్‌కు ఒకసారి వెళ్ళి మీ పేరు, నంబరు ఇచ్చి రండి. ఏడాదికి అలాంటి పిల్లలు నలుగురు వచ్చినా చాలు. ఆ పనికి నేను డబ్బు లెక్క వేయలేదు, మీరూ వేయొద్దని అడుగుతున్నాను.

నన్నడిగితే

అప్పు ఎక్కువగా ఉండి, ఇంట్లో వేరే ఆదాయం లేకపోతే సిటీ క్లినిక్‌లో రెండేళ్లు చేయండి. ఈలోగా నెలకు రెండు ఆదివారాలు మీ జిల్లాలోని ఒకే ఒక్క టౌన్‌కు వెళ్తూ ఉండండి. పాఠం చెప్పడంలో సంతోషం ఉంటే మీ ఊరికి దగ్గరి కాలేజీ చూసుకోండి. ఎక్కడా గట్టిగా వేర్లు లేవు, తిరిగే ఓపిక ఉంది అంటే ఒకే దారిలో నాలుగు టౌన్లు పట్టుకోండి. మూడేళ్లకు వాటిలో ఏ ఊరు మిమ్మల్ని నిలబెట్టుకుంటుందో మీకే తెలుస్తుంది, అక్కడ సొంత క్లినిక్ పెట్టండి. సొంత టౌన్ ఉంది, జీవిత భాగస్వామి కూడా డెంటిస్టే అంటే ఆలోచించాల్సిందేమీ లేదు, నేరుగా వెళ్ళిపోండి.

బీడీఎస్ వాళ్ళు చిన్న కోర్సులు చేసి క్లిప్పులు వేస్తున్నారని చాలామంది జూనియర్లు బెంగపడతారు. వాళ్ళతో తగవు పెట్టుకోవద్దు. చేయి దాటిన కేసు వాళ్ళు పంపినప్పుడు, వాళ్ళ పేరు పేషెంట్ ముందు తక్కువ చేయకుండా సరిచేసి తిరిగి పంపండి. ఆరు నెలల్లో సగం కేసులు వాళ్ళ దగ్గర్నుంచే వస్తాయి.

కొత్త క్లినిక్‌కు కన్సల్టెంట్‌గా మాట్లాడుకోవడానికి వెళ్ళినప్పుడు వాటా గురించి తర్వాత అడగొచ్చు. ముందు వాళ్ళ ఆర్థో రిజిస్టర్ చూపించమనండి. రెండేళ్ల కిందట మొదలైన పేర్లు ఒక పది తీసుకుని, అందులో ఎంతమందికి క్లిప్పులు తీసి రిటైనర్ ఇచ్చారో చూడండి. పదిలో ఏడెనిమిది మందికి ఇచ్చి ఉంటే ఆ ఊళ్ళో కూర్చోవచ్చు. అసలు రిజిస్టరే లేదంటే టీ తాగి, తర్వాతి బస్సుకు వచ్చేయండి.